ర్యాలీ కార్ల ఫొటోలు: శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద నేర్చుకుని స్టేజీకి వెళ్లడం

సర్క్యూట్ రేసులో అదే కారు అదే మలుపు దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తుంది. మొదటి రౌండులో ఫొటో పోయినా పదో రౌండులో దొరుకుతుంది. ర్యాలీలో ఆ వెసులుబాటు లేదు. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. మీకు కనిపించే రోడ్డు ముక్క 40 మీటర్లుంటే, ఆ కారు మీ ముందు ఉండేది రెండు సెకన్లు. ఆ తర్వాత మిగిలేది దుమ్మే. అదే స్టేజీని, అంటే పోటీకి మూసిన రోడ్డు ముక్కను, మధ్యాహ్నం మళ్లీ నడిపితే ఇంకో రెండు సెకన్లు, అంతే.

అందుకే ర్యాలీ ఫొటోగ్రఫీ ర్యాలీలో నేర్చుకునేది కాదు. పైగా మన జిల్లాల్లో జాతీయ స్థాయి కార్ల ర్యాలీలు జరగవు. చూడాలంటే చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరు వైపు వెళ్లాల్సిందే. రైలు టికెట్టు, లాడ్జి, సెలవు అన్నీ పెట్టుకుని వెళ్లి, అక్కడ షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) ఎంత పెట్టాలో వెతుక్కోవడం దండగ. చేతికి రావాల్సిన పనంతా ఆమదాలవలస రోడ్డు మీదో, విజయనగరం శివారు చెరువు గట్టు మీదో వచ్చేయాలి. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే నడుస్తుంది: ముందు ఇంటి దగ్గర పని, తర్వాత స్టేజీ.

1. ర్యాలీ ఎలా నడుస్తుందో తెలుసుకోండి

ర్యాలీలో కార్లు పక్కపక్కన పరుగెత్తవు. ఒకటి, రెండు నిమిషాల తేడాతో ఒక్కొక్కటే బయల్దేరి, మామూలు జనానికి మూసేసిన రోడ్డు మీద గడియారంతో పోటీ పడతాయి. ఆ మూసిన ముక్కను స్పెషల్ స్టేజీ అంటారు. ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి వెళ్లేటప్పుడు మాత్రం మామూలు రోడ్డు మీదే, ట్రాఫిక్ రూల్స్ పాటిస్తూ వెళ్తాయి. మధ్యలో సర్వీస్ పార్క్ ఉంటుంది, మెకానిక్‌లు కార్లను బాగుచేసేది అక్కడే. డ్రైవర్ పక్కన కూర్చునే కో-డ్రైవర్ ముందు రాసుకున్న పేస్ నోట్స్ చదువుతూ వచ్చే మలుపు ఎలాంటిదో చెబుతుంటాడు. ఫొటోలో తల దించుకుని పుస్తకం చూస్తూ కనిపించేది ఆయనే.

మీకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి. పోటీ కార్ల కంటే ముందు 000, 00, 0 నంబర్లున్న కార్లు స్టేజీ మీద నడుస్తాయి. రోడ్డు ఖాళీగా ఉందో లేదో చూసేందుకు, జనాన్ని హెచ్చరించేందుకు వాటిని పంపుతారు. ఫొటోగ్రాఫర్‌కు మాత్రం అవి ఉచితంగా దొరికే రిహార్సల్. ఫ్రేము, ఫోకస్, వెలుతురు మూడూ సరిచూసుకునేది వాటి మీదే. అన్ని కార్లూ వెళ్లాక స్వీప్ కారు వస్తుంది. అది దాటి, మార్షల్ (స్టేజీ పక్క కాపలా ఉండే నిర్వాహకుల మనిషి) చెప్పేదాకా రోడ్డు మూసే ఉందని లెక్క.

టీఎస్‌డీ (టైమ్, స్పీడ్, డిస్టెన్స్) ర్యాలీ అనే మరో రకం ఉంది. అందులో వేగంగా వెళ్లినవాడు గెలవడు. చెప్పిన సగటు వేగానికి కచ్చితంగా సరిపోయేలా నడిపినవాడు గెలుస్తాడు. ముందొచ్చినా పెనాల్టీయే. రోడ్డు మూయరు, కార్లు మామూలు వేగంతోనే పోతాయి. కొత్తవాళ్లకు ఇది మంచి మొదటి మెట్టు. కాకపోతే లారీలు, బస్సులు కూడా అదే రోడ్డు మీద ఉంటాయని మరిచిపోకూడదు.

మన దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను నడిపించే సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ (ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా), 1971 నుంచి ఉంది. జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్ దాని కిందే జరుగుతుంది. క్యాలెండర్ ఏటా మారుతుంది కాబట్టి నిరుటి తేదీలు పట్టుకుని టికెట్లు తీయకండి.

2. కెమెరా: ఉన్నదానితో మొదలుపెట్టండి

మార్చుకునే లెన్స్ ఉన్న ఏ కెమెరా అయినా పని మొదలవుతుంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్ అయినా ఫరవాలేదు. కొనాలనుకుంటే బాడీ మీద కాదు, లెన్స్ మీద పెట్టండి డబ్బు. 55-250 లేదా 70-300 మిల్లీమీటర్ల జూమ్ చాలు. చిన్న సెన్సర్ కెమెరాల్లో 250 అంటే దాదాపు 400 మిల్లీమీటర్ల లెన్స్ చూపించేంత దగ్గరగా చూపిస్తుంది, కాబట్టి రోడ్డుకు దూరంగా నిలబడొచ్చు. ఆ దూరం సౌకర్యం మాత్రమే కాదు, ప్రాణానికి రక్ష కూడా. కిట్‌లో వచ్చిన 18-55 పారేయకండి. కొండ, తాటిచెట్లు, జనం అన్నీ కలిపి తీసే ఫొటోకి అదే కావాలి.

వెలుతురును ఎక్కువగా రానిచ్చే 70-200 ఎఫ్ 2.8 లెన్స్ వాడి చూడాలనుంటే మీ ఊళ్లో పెళ్లి ఫొటోలు తీసే స్టూడియో ఆయన్ని అడగండి. ముహూర్తాలున్న రోజుల్లో ఆయన లెన్స్ ముట్టుకోనివ్వడు. ఆషాఢంలో, మూఢంలో అయితే అది బీరువాలోనే ఉంటుంది. ఒక పూట పక్కన నిలబడి వాడుకోనిచ్చేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

రెండు బ్యాటరీలు, రెండు కార్డులు తప్పనిసరి. కార్డు రాసే వేగం తక్కువైతే పెద్ద చిక్కు వస్తుంది. చవక కెమెరాలు రా ఫైళ్లను (కెమెరా దిద్దని పెద్ద ఫైళ్లు) వరసగా కొన్ని తీయగానే బఫర్, అంటే లోపలి తాత్కాలిక మెమరీ, నిండి ఆగిపోతాయి. కారు సరిగ్గా మలుపు తిరిగే క్షణానికి కెమెరా ‘బిజీ’ అంటుంది. అలాంటి కెమెరాతో జేపీఈజీలో తీయడమే మంచిది. రా గొప్పదే, ఫొటో పడితే కదా!

3. సెట్టింగులు

షట్టర్ స్పీడ్ ఒక్కటి అర్థమైతే సగం పని అయిపోయినట్టే. సెకనుకు 20 మీటర్లు పోయే కారు 1/1000 సెకనులో రెండు సెంటీమీటర్లు కదులుతుంది, 1/100 సెకనులో 20 సెంటీమీటర్లు. ఎదురుగా మీ వైపు వచ్చే కారును 1/1000 దగ్గర తీస్తే ఎగిరే గులకరాళ్లు కూడా గాలిలో ఆగిపోతాయి. అదే స్పీడ్‌తో పక్క నుంచి తీస్తే చక్రాలు కూడా ఆగిపోయి, కారు పార్కింగ్‌లో పెట్టినట్టు ఉంటుంది. వేగం కనిపించాలంటే చక్రం తిరగాలి, వెనక చెట్లు గీతలుగా సాగాలి. దానికోసం షట్టర్ తగ్గించి కారుతోపాటు కెమెరాను తిప్పాలి. అదే ప్యానింగ్.

మొదట 1/250 దగ్గర మొదలుపెట్టండి. పదిలో సగం బాగా వస్తున్నాయనిపించాక 1/125కి దిగండి, తర్వాత 1/60. నేరుగా 1/30కి దూకేవాళ్లకు నెల తిరక్కుండానే విసుగొస్తుంది.

మోడ్ విషయానికొస్తే, ప్యానింగ్‌కి షట్టర్ ప్రయారిటీ (షట్టర్ మనం పెడితే మిగతాది కెమెరా చూసుకునే మోడ్) చాలు. నికాన్, సోనీ డయళ్ల మీద ‘ఎస్’ అని, కెనాన్ మీద ‘టీవీ’ అని ఉంటుంది. కదలికను ఆపేసే ఫొటోలకు మాన్యువల్‌లో షట్టర్ 1/1000, లెన్స్ రంధ్రం ఎఫ్ 5.6 పెట్టి ఐఎస్ఓను (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయిని) ఆటోలో వదిలేసి, పై హద్దు 3200 పెట్టుకోండి. ఫోకస్‌ను కదిలే వస్తువుల మోడ్‌లో ఉంచాలి. నికాన్, సోనీల్లో అది ‘ఏఎఫ్-సీ’, కెనాన్‌లో ‘సర్వో’. మధ్య పాయింట్ గానీ దాని చుట్టూ చిన్న జోన్ గానీ వాడండి. మొత్తం ఫ్రేము కెమెరాకి వదిలేస్తే అది ముందున్న గడ్డిపరకను పట్టుకుని కూర్చుంటుంది.

ఇక మన ఎండ. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 100 దగ్గర 1/100కి ఎఫ్ 16 పెట్టాల్సొస్తుంది. 1/60తో ప్యానింగ్ చేయాలంటే ఎఫ్ 20 దాకా మూయాలి. అక్కడ రెండు ఇబ్బందులు. ఫొటో కొంచెం మెత్తబడుతుంది, పైగా సెన్సర్ మీద ఉన్న ప్రతి దుమ్ము కణం ఆకాశంలో నల్ల చుక్కై తేలుతుంది. ర్యాలీలో దుమ్ముకి కొదవ లేదు కదా. ఎన్‌డీ 8 ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే ముదురు అద్దం) పెడితే మూడు స్టాపుల వెలుతురు, అంటే మూడుసార్లు సగం చొప్పున, తగ్గి, ఎఫ్ 7 దగ్గరే పని జరిగిపోతుంది. ఎన్‌డీ లేకపోతే పోలరైజర్ అయినా పెట్టండి. వెలుతురు ఒకటిన్నర స్టాపు దాకా తగ్గిస్తుంది, ముందు అద్దం మీద ఆకాశం మెరుపు తగ్గి లోపలి మనుషులు కనిపిస్తారు.

ఎక్స్‌పోజర్ సవరింపు (కెమెరా లెక్కేసిన వెలుతురును మనం పెంచడం, తగ్గించడం) గుర్తుంచుకోండి. జీడితోట చీకటి ముందు తెల్ల కారు వస్తే కెమెరా చీకటిని చూసి మోసపోతుంది, కారు సున్నం కొట్టినట్టు తెల్లగా పోతుంది. మైనస్ 0.7 పెట్టండి. ఫ్రేమంతా వెలిగే దుమ్మే అయితే దానికి రివర్స్, ప్లస్ 0.7.

4. ఇంటి దగ్గర సాధన

దీని మీద పెట్టే సమయమే మీకు అసలు పెట్టుబడి. నన్నడిగితే ర్యాలీకి వెళ్లే ముందు రెండు మూడు నెలలు ప్రతి ఆదివారం ఉదయం దీనికే ఇవ్వాలి.

సైకిళ్లతో మొదలుపెట్టండి. మీ వీధిలో పిల్లల్ని అడిగితే మీరు వద్దనేదాకా తొక్కుతారు. ఒకే దారిలో, ఒకే వేగంతో, ఎన్నిసార్లయినా వస్తారు. 1/60 దగ్గర ముఖం స్పష్టంగా, వెనక గోడ గీతలుగా వచ్చేదాకా తీయండి. తర్వాత ఆటోలు, ఆ తర్వాత బైకులు. పల్లెవెలుగు బస్సు పెద్దది కాబట్టి తేలిగ్గా వస్తుందనుకుంటాం. నిజానికి దాని ముందు భాగం, వెనక భాగం మీ నుంచి వేర్వేరు దూరాల్లో ఉంటాయి గనక ఒక కొస స్పష్టంగా, ఇంకో కొస చెదిరి వస్తుంది. దగ్గర నుంచి తీసే ర్యాలీ కారుకీ ఇదే జరుగుతుంది. స్పష్టంగా వచ్చే కొస ఎప్పుడూ డ్రైవర్ ఉన్న వైపే ఉండేలా చూసుకోవాలి.

నిలబడే తీరు ఇలా. వాహనం సరిగ్గా మీ ఎదురుకొచ్చే చోటుకు పాదాలు తిప్పి నిలబడండి. నడుము పైభాగాన్ని మాత్రం అది వచ్చే వైపుకి తిప్పండి. మోచేతులు పక్కటెముకలకు ఆనాలి. ఎడమ అరచెయ్యి లెన్స్ కింద. వాహనం దూరంగా ఉన్నప్పుడే ఫోకస్ పట్టి, దాని తలుపు మీద ఒక గుర్తు చూసుకుని, దాన్నే అంటిపెట్టుకుని నడుము తిప్పుతూ రండి. పాదాలు కదలకూడదు. ఎదురుకొచ్చే ముందు నొక్కడం మొదలుపెట్టి మూడు నాలుగు ఫ్రేములు తీయండి. తీశాక కూడా తిప్పడం ఆపకండి. బంతి వదిలాక బౌలర్ చెయ్యి ఆపడు కదా, అలా వాహనం దాటాక ఇంకాస్త దూరం కెమెరా దాని వెంట పోవాలి. చాలామంది నొక్కగానే బిగుసుకుపోతారు, ఫొటో చెదిరేది అక్కడే. లెన్స్‌లో కదలిక తగ్గించే స్విచ్ ఉంటే, ప్యానింగ్‌కి వేరే మోడ్ ఉందేమో చూడండి. కెనాన్‌లో అది మోడ్ 2.

ఎక్కడ నిలబడాలి? 16వ నంబరు జాతీయ రహదారి డివైడర్ మీద మాత్రం వద్దు. ఊళ్ల మధ్య గ్రావెల్ రోడ్లు, చెరువు గట్లు మేలు. అక్కడ దుమ్ము కూడా లేస్తుంది. ధాన్యం, గడ్డి తోలే ట్రాక్టర్లు బాగుంటాయి. నాగావళి, వంశధార ఒడ్డున ఇసుక ట్రాక్టర్ల జోలికి వెళ్లకండి. మీరు ఏ పత్రిక విలేకరో అనుకుని వాళ్లు ఆగి అడిగారంటే మీ సాధన ఆ పూటకి ముగిసినట్టే. ఎక్కడ కెమెరా ఎత్తినా ఊరివాళ్లు వస్తారు. గతుకుల రోడ్డు దగ్గరైతే అడిగే మాట ఒకటే: “ఏటి బాబూ, రోడ్డేస్తారేటి?” “లేదు తాతా, బళ్ల ఫొటోలు తీయడం నేర్చుకుంటన్నాను” అని చెప్పి, తీసిన రెండు ఫొటోలు చూపించండి. తర్వాత ఆయనే కూర్చుని ఎటు నుంచి ఏ బండి వస్తోందో చెబుతుంటాడు. ఆడవాళ్లు, బడిపిల్లలు వెళ్తుంటే కెమెరా దించేయడం మర్యాద.

ఫోకస్ సాధనకు మన దగ్గర ఒక మంచి చోటుంది, టెక్కలి దగ్గర తేలినీలాపురం. సెప్టెంబరు, అక్టోబరుల నుంచి పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడి చెట్ల మీదికి చేరి వేసవి దగ్గరపడేదాకా ఉంటాయి. పెద్ద రెక్కలు, నిదానమైన ఎగురుడు. కొమ్మల చాటు నుంచి బయటికొచ్చే పక్షి మీద ఫోకస్ వదలకుండా పట్టుకోగలిగితే, దుమ్ములోంచి వచ్చే కారునూ పట్టుకోగలరు. రెండింటిలోనూ కెమెరా అడ్డొచ్చిన దాని మీదికి జారిపోవాలని చూస్తుంది. పక్షుల్ని లేపడానికి రాయి విసరడం, చప్పట్లు కొట్టడం మాత్రం చేయకండి. ఆ ఊరివాళ్లు వాటిని సొంతవాటిలా చూసుకుంటారు, ఊరుకోరు.

ఇంకొకటి, ఎత్తు నుంచి చూడటం. సాలూరు దాటి ఒడిశా వైపు ఎక్కే ఘాట్‌లో, బండి పెట్టుకోవడానికి చోటున్న దగ్గర రోడ్డుకు బాగా ఎడంగా ఆగి, కింది మెలికలో లారీలు తిరగడం చూడండి. పై నుంచి తీస్తే రోడ్డు ఆకారం ఎలా కనిపిస్తుందో, బండి ఆ మెలికలో ఏ చోట ఉంటే ఫొటో నిండుగా ఉంటుందో కంటికి అలవాటవుతుంది. ఆ అలవాటు కోయంబత్తూరులో పనికొస్తుంది.

ప్రతి వారం తీసినవాటిని ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూడండి. కెమెరా వెనక చిన్న తెర మీద అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

5. బయల్దేరే ముందు

నిర్వాహక క్లబ్బు ప్రకటించే టైమ్‌టేబుల్, స్టేజీల మ్యాపు, కార్ల జాబితా మూడూ సంపాదించండి. స్టేజీ రోడ్లు మొదటి కారుకి చాలాముందే మూసేస్తారు. ఆ తర్వాత మీ బైకు లోపలికి పోదు, లోపలున్నది బయటికి రాదు. అందుకని ఒక పూటకి ఒక స్టేజీయే అనుకోండి. రెండు మూడు స్టేజీలు పరుగులు తీసి చూడాలనుకుంటే మొదటిసారి వెళ్లినవాడికి మిగిలేది ప్రయాణమే. మ్యాపును ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకోండి, తోటల్లో సిగ్నల్ ఉండదు.

బెంగళూరు వైపు వెళ్లేవాళ్లకు పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం మూడు చోట్లా ఆగే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. వారాంతం టికెట్లు ముందే చూసుకోవాలి.

మీడియా పాస్, దాంతో వచ్చే జాకెట్ మొదటిసారి వెళ్లినవాళ్లకు దొరకడం కష్టం. బాధపడక్కర్లేదు. ప్రేక్షకులకు కేటాయించిన చోటు నుంచి కూడా మంచి ఫొటోలు వస్తాయి. నిర్వాహకులకు ముందే రాసి, నేర్చుకుంటున్నామని చెప్పి, ఎక్కడ నిలబడొచ్చో అడగండి. వాలంటీర్‌గా మార్షల్ పనికి వెళ్లడం ఇంకో దారి. ఫొటోలు తీయడం కుదరకపోవచ్చు గానీ ఒక్క ర్యాలీలో స్టేజీ లోగుట్టంతా తెలిసిపోతుంది. డ్రోన్ సంగతి నిర్వాహకుల అనుమతి లేకుండా తలపెట్టొద్దు.

మన ఒంటికి అలవాటైన వెలుతురు లెక్క అక్కడ పనిచేయదు. మనం తూర్పున ఉన్నాం. నడినెత్తిన ఎండ కోయంబత్తూరులో మనకంటే దాదాపు అరగంట ఆలస్యంగా వస్తుంది. డిసెంబరులో మనకు అయిదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు, అక్కడ ఆరు దాకా ఉంటాడు. సాయంత్రం స్టేజీలో బంగారు వెలుతురు ఎప్పుడొస్తుందో లెక్కేసుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

బ్యాగులో ఇవి ఉండాలి: నీళ్లు, టోపీ, నిండు చేతుల చొక్కా, బూట్లు, తినడానికి ఏదైనా, కెమెరా మీద కప్పడానికి ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్లోయర్, మెత్తటి గుడ్డ. ముదురు రంగు బట్టలు మంచివి, కానీ మార్షల్ జాకెట్ రంగు మాత్రం వద్దు.

6. ఎక్కడ నిలబడాలి

1986లో పోర్చుగల్ ర్యాలీలో ఒక ఫోర్డ్ ఆర్ఎస్200 కారు రోడ్డు పక్క గుంపులోకి దూసుకెళ్లి ముగ్గురు చనిపోయారు, ముప్పై మందికి పైగా గాయపడ్డారు. రోడ్డుకు ఆనుకుని నిలబడటం అప్పట్లో అక్కడ మగతనంగా ఉండేది. మన దేశంలో 2019లో రాజస్థాన్‌లో జాతీయ ర్యాలీ జరుగుతుండగా ఒక బైకు స్టేజీ రోడ్డు మీదికి రావడంతో ఒకే కుటుంబంలో ముగ్గురు పోయారు. ఫొటో కోసం చోటు వెతికేటప్పుడు ఈ రెండూ మనసులో ఉండాలి.

మలుపు బయటి వైపు ఎప్పుడూ నిలబడకండి. అదుపు తప్పిన కారు పోయేది అటే. తిన్నని రోడ్డు చివర, బ్రేకు వేసే చోటుకు ఎదురుగా కూడా అంతే. లోపలి వైపు పూర్తిగా క్షేమమనుకోవద్దు. డ్రైవర్లు మలుపును కోసుకుంటూ గడ్డి మీదుగా పోతారు, చక్రాల కింది రాళ్లు తూటాల్లా వస్తాయి. రోడ్డు కంటే మనిషెత్తు పైనున్న గట్టు, అందులోనూ వెనక్కి పరుగెత్తడానికి చోటున్న గట్టు అన్నిటికంటే మంచిది. గుంటలో దిగడం, పడుకుని తీయడం, కంచెకు వీపు ఆనించడం వద్దు. లేచి పరుగెత్తడానికి పట్టే సెకనులో కారు 20 మీటర్లు వస్తుంది.

చోటు ఎంచుకున్నాక ఒక ప్రశ్న వేసుకోండి: ఈ మలుపులో బ్రేకు పనిచేయకపోతే కారు ఎటు పోతుంది? ఆ గీత మీద మీరున్నారా? ఉంటే ఫొటో ఎంత బాగా వచ్చేలా ఉన్నా లేచి వచ్చేయాలి. ఎర్ర టేపు ఉన్న చోట, మార్షల్ వద్దన్న చోట వాదించకండి. ఆయన మాట వినకపోతే స్టేజీనే ఆపేసే అధికారం నిర్వాహకులకుంది. అప్పుడు మీతోపాటు అందరి ఫొటోలూ పోతాయి.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. కారు కంటికంటే ముందు చెవికి వస్తుంది, మార్షల్ విజిల్ కూడా. రెండు కార్ల మధ్య రోడ్డు దాటాలనిపిస్తుంది, దాటకండి. వైడ్ లెన్స్‌లోంచి చూసేటప్పుడు మరీ జాగ్రత్త, అందులో కారు నిజంగా ఉన్నదాని కంటే దూరంగా కనిపిస్తుంది. రాత్రి స్టేజీలో ఫ్లాష్ వాడకండి. చీకట్లో దూసుకొచ్చే మనిషి కళ్లలో వెలుగు కొట్టడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

కారు బోల్తా పడితే కెమెరా దించండి. స్టేజీ మీదికి పరుగెత్తకండి, వెనక ఇంకో కారు నిమిషం దూరంలోనే ఉంది. మార్షల్‌కి కేక వేయండి. లోపలివాళ్లు క్షేమంగా ఉంటే ‘ఓకే’ బోర్డు, సాయం కావాలంటే ఎర్ర ‘ఎస్‌ఓఎస్’ బోర్డు చూపిస్తారు.

7. గాలి, వెలుతురు, వెనకున్నది

చోటు క్షేమమైనదని తేలాక మూడు విషయాలు చూడండి. మొదట గాలి. గుప్పెడు మట్టి వదిలి అది ఎటు పోతుందో చూస్తే చాలు. గాలి వచ్చే వైపు నిలబడితే దుమ్ము అవతలికి పోతుంది. రెండో వైపు నిలబడితే మొదటి కారు ఫొటో తప్ప మిగతావన్నీ పొగమంచే.

రెండోది సూర్యుడు. బడిలో చెప్పినట్టు సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకోవడం ర్యాలీలో తప్పనిసరి కాదు. ఉదయం, సాయంత్రం కారు వెనక సూర్యుడుంటే దుమ్మంతా వెలుగుతుంది. కారు అంచులు మెరుస్తాయి. నా ఓటు ఎప్పుడూ దీనికే. మధ్యాహ్నం ఎండలో మాత్రం దుమ్ము బూడిద రంగులోకి దిగుతుంది. ఆ సమయం ప్యానింగ్‌కీ సర్వీస్ పార్క్‌కీ వాడుకోండి.

మూడోది వెనక ఏముందన్నది. కరెంటు స్తంభం, నిలిపిన బైకులు, ఫ్లెక్సీ, పసుపు టీషర్టు మనిషి ఫ్రేములో ఉంటే మీరు ఒక అడుగు పక్కకి జరగండి. కారు రాకముందు ఖాళీ రోడ్డుకే ఒక ఫొటో తీసి చూడండి. కారు లేకుండా కూడా చూడబుద్ధేసే ఫ్రేము అయితే కారు వచ్చాక గొప్ప ఫొటో అవుతుంది.

8. కారు వచ్చినప్పుడు

చప్పుడు వినగానే కెమెరా ఎత్తండి, కనపడ్డాక కాదు. సెకనుకు అయిదు ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య కారు నాలుగు మీటర్లు జరుగుతుంది. మన జాతీయ ర్యాలీల్లో ఎక్కువగా కనిపించే పోలో కారు పొడవు దాదాపు అంతే. అంటే వరసగా నొక్కేస్తే ఏదో ఒకటి దొరుకుతుందిలే అన్న ధీమా పనిచేయదు. కారు ఏ రాయి దగ్గరికి, ఏ పొద దగ్గరికి వస్తే ఫ్రేము నిండుతుందో ముందే గుర్తుపెట్టుకుని, దానికి కాస్త ముందు మొదలుపెట్టి చిన్న విడతలో తీయండి.

మొదటి పది కార్లు 1/1000 దగ్గర మామూలుగా తీసేయండి. చేతిలో కొన్ని ఫొటోలున్నాయన్న ధైర్యం వస్తే టెన్షన్ తగ్గుతుంది. తర్వాత ప్యానింగ్. చివరి కార్లకు జూమ్ వెనక్కి తీసి కొండ, జనం, చెట్లన్నీ వచ్చేలా. పేరున్న డ్రైవర్లు సాధారణంగా ముందు బయల్దేరతారు కాబట్టి కచ్చితంగా వచ్చే పద్ధతి వాళ్లకి, ప్రయోగాలు తర్వాతివాళ్లకి. అన్ని కార్లనీ ఒకేలా తీసుకొచ్చిన ఆల్బమ్‌లో రంగులు తప్ప తేడా ఉండదు.

కారు వెళ్లే వైపు ఫ్రేములో ఖాళీ ఉంచండి. డ్రైవర్ తల మలుపు లోపలికి తిరిగి, ముందు చక్రాలు దానికి ఎదురు దిక్కుకి తిరిగి ఉన్న క్షణం దొరికితే, కారు జారుతోందని ఫొటో చూసిన ఎవరికైనా తెలుస్తుంది. లోపలి చక్రం నేల వదిలితే ఇంకా మంచిది.

రెండు కార్ల మధ్య వెనక తెర చూస్తూ కూర్చోవద్దు. ఒక్క చూపు చూసి, వెలుతురు సరిపోయిందో లేదో తెలుసుకుని తల ఎత్తండి. దుమ్ములో లెన్స్ మార్చకండి. అద్దం మీద దుమ్ము పడితే బ్లోయర్‌తో ఊదండి, చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి.

9. సర్వీస్ పార్క్

కొత్తవాళ్లు దీన్ని పట్టించుకోరు, నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. అక్కడ కార్లు ఆగి ఉంటాయి, మనుషులు దగ్గరగా దొరుకుతారు, ఫోన్ కెమెరా కూడా చాలు. కారు లోపలికి రాగానే గడియారం నడుస్తుంటుంది. ఇచ్చిన నిమిషాల్లో టైర్లు, సస్పెన్షన్, కొన్నిసార్లు గేర్‌బాక్స్ కూడా మార్చేస్తారు. కింద పడుకున్న మెకానిక్ మోచేతి దాకా గ్రీజు, హెల్మెట్ తీసిన డ్రైవర్ నుదుటి మీద దుమ్ము గీత, ఓ మూల కూర్చుని నోట్స్ దిద్దుకుంటున్న కో-డ్రైవర్. అడిగి తీయండి, టూల్స్ దాటుకుంటూ మధ్యలోకి పోవద్దు. పెట్రోలు పోసే చోటుకు దూరంగా ఉండండి.

10. ఇంటికొచ్చాక

ముందు కార్డును రెండు చోట్లకి కాపీ చేయండి, తర్వాతే చూడటం. వరసలో ఒకేలా ఉన్న అయిదింటిలో ఒకటే ఉంచండి. ఫొటో అంచులు కోసేటప్పుడు కారు ముందు ఖాళీ పోకుండా చూసుకోండి. దుమ్ము ఫొటోల్లో డీహేజ్ స్లైడర్‌ను (ఎడిటింగ్ యాప్‌లో మసక తగ్గించేది) కొంచెమే కదపండి. ఎక్కువ లాగితే ఎర్ర దుమ్ము తుప్పు రంగులోకి పోతుంది. సెన్సర్ చుక్కలు ఆకాశంలో ఉంటే తుడిచేయండి.

పంచుకునేటప్పుడు కార్ల జాబితా చూసి కారు నంబరు, డ్రైవర్ పేరు, కో-డ్రైవర్ పేరు, స్టేజీ పేరు రాయండి. చాలామంది డ్రైవర్ పేరుతో ఆపేస్తారు. పక్కన కూర్చున్నవాళ్ల ఫొటోలు తీసేవాళ్లు తక్కువ, అందుకే మీరు పంపిన ఫొటోకి మొదట జవాబిచ్చేది తరచుగా కో-డ్రైవరే. టీమ్ వాళ్లు పెద్ద సైజు ఫైలు అడిగితే, ఎక్కడ వాడతారో, పేరు వేస్తారో లేదో ముందే మాట్లాడుకుని పంపండి.